బిల్లుకు నంబరెందుకు?

2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైటు ఒకటి పత్రికలకెక్కింది. 'అన్న సంజీవని' జనరిక్ మందుల దుకాణాల్లో ఎవరెవరు ఏ మందు కొన్నారో పేరూ ఫోన్ నంబరుతో సహా అందులో కనిపించింది. పాస్‌వర్డు అక్కర్లేకుండా ఎవరైనా చూడగలిగేలా ఉంది. ఈ సంగతి పట్టుకున్న పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. మామూలు మందులతో పాటు మగవాళ్లు లైంగిక సమస్యలకు వాడే మాత్రలు కొన్నవాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి. ఇందులో దొంగ ఎవడూ లేడు, తాళం ఎవరూ పగలగొట్టలేదు. పాలన ఎంత పారదర్శకంగా ఉందో చూపాలన్న ఉత్సాహంతో పెట్టిన డ్యాష్‌బోర్డు అది. ఏ దుకాణంలో ఎంత అమ్ముడైందో చూపిస్తే సరిపోయేది, కొన్నవాళ్లను కూడా చూపించారు. అసలు ఆ పేర్లు, నంబర్లు అమ్మకాల లెక్కలోకి ఎందుకు ఎక్కాయన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

మనమే తెర మీద వేలు పెట్టి కావలసింది ఎంచుకుని, డబ్బు కట్టి, టోకెన్ తీసుకునే ఆర్డర్ మెషీన్ల గురించి మాట్లాడాలంటే ఆ మందుల దుకాణాల దగ్గరే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది. మహానగరాల బర్గర్ షాపుల్లో, మల్టీప్లెక్సుల్లో నిలువెత్తు కియోస్కులు మామూలైపోయాయి. కర్నూలు, కడపల్లో అవి ఇంకా అరుదే. ఇక్కడ ఆ పనిని టేబుల్ మీద అంటించిన క్యూఆర్ కోడ్ చేస్తోంది. బిల్లు కౌంటర్ దగ్గర కుర్రాడు తల ఎత్తకుండానే "నంబర్ చెప్పండి సార్" అంటాడు. తెర పెద్దదైనా చిన్నదైనా అడిగేది ఒకటే, కాబట్టి వీటన్నిటినీ ఒకే గాటన కట్టి చూస్తాను.

సాంకేతిక వ్యాసాలు ఈ విషయాన్ని ఎన్‌క్రిప్షన్‌తో మొదలుపెడతాయి. రాయలసీమ ఊళ్లలో ఆ మాట చివర్లో వస్తుంది. ఇక్కడ మనిషి ముందుగా జంకేది ఎదురుగా ఉన్న కంటికి. మందుల షాపు యజమాని నాన్నకు స్నేహితుడై ఉంటాడు, హోటల్ క్యాషియరు పక్క వీధివాడై ఉంటాడు. అమ్మాయి శానిటరీ న్యాప్‌కిన్లు అడిగితే పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇవ్వడం ఆ జంకుకు దొరికిన పాత పరిష్కారం. ఈ దగ్గరి కంటి నుంచి మెషీను నిజంగానే కాపాడుతుంది. స్వీడన్‌లో మద్యం అమ్మే ప్రభుత్వ సంస్థ సిస్టెంబోలాగెట్ కౌంటర్ పద్ధతి మానేసి, కొనేవాళ్లే సీసా తీసుకునే పద్ధతికి మారినప్పుడు ఏం జరిగిందో గోల్డ్‌ఫార్బ్, మెక్‌డెవిట్ తదితర ఆర్థికవేత్తలు పరిశీలించి 2015లో ప్రచురించారు. పలకడానికి నోరు తిరగని పేర్లున్న సీసాల వాటా 8 శాతానికి పైగా పెరిగింది. అంతకు ముందు జనం రుచి నచ్చక వాటిని మానలేదు, తప్పుగా పలికితే నవ్వుతారేమోనని మానేశారన్నది వాళ్ల వివరణ. పిజ్జాల మీద చేసిన పరిశీలనలోనూ ఇదే తేలింది. మనిషితో మాట్లాడకుండా ఆర్డరిచ్చేటప్పుడు జనం మొహమాటం లేకుండా భారీగా తెప్పించుకున్నారు. మెనూలో ఇంగ్లిషు పేర్లు చూసి "ఏదో ఒకటి, దోశ తే" అనేసే మనిషికి బొమ్మలున్న తెర గౌరవం ఇస్తుంది. ఈ మేలును తక్కువ చేసి చూడకూడదు.

కానీ మెషీను దగ్గరి కన్ను మూస్తూ దూరపు కన్ను తెరుస్తుంది. కౌంటర్ కుర్రాడు సాయంత్రానికి మర్చిపోతాడు, సర్వరు మర్చిపోదు. 2021లో డోమినోస్ ఇండియా నుంచి సుమారు 18 కోట్ల ఆర్డర్ల సమాచారం బయటికి పోయింది. ఫోన్ నంబరు కొడితే ఆ మనిషి ఎక్కడెక్కడికి పిజ్జా తెప్పించుకున్నాడో చూపించే వెతుకుడు పేజీని కూడా దొంగలు తయారుచేసి పెట్టారు. దూరపు కన్ను చూసింది అలా మళ్లీ దగ్గరివాళ్ల చేతికే వచ్చింది. భర్త, మామ, మాజీ ప్రియుడు, ఎవరైనా ఆ నంబరు కొట్టి చూడొచ్చు. ఈ రెండు కళ్లనూ వేరువేరు సమస్యలుగా తీసుకుని ఒకదానికే మందు వేసే డిజైన్ ఏదైనా సగం పనే చేస్తుందన్నది నా అభిప్రాయం.

కర్నూలు, కడప జిల్లాలకు మెషీన్లు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇచ్చిన పథకాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ ఎనిమిది జిల్లాల్లో అధ్యయనం చేశారు. వాటిలో కర్నూలు, కడప రెండూ ఉన్నాయి. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం డబ్బు త్వరగా చేరింది, మధ్యలో తినేసేది బాగా తగ్గింది, లబ్ధిదారుల్లో అత్యధికులు కార్డే మేలన్నారు. వాళ్ల మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయితే ఆ అధ్యయనం ప్రధానంగా కొలిచింది డబ్బునూ, సమయాన్నీ. తర్వాత 2015 నుంచి రేషన్ షాపుల్లోకి ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి, "వేలిముద్ర పడలేదు" అన్న మాట ఊళ్లో వాడుక మాటయింది. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడ్డాయని చెప్పింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, మరొకటి చంద్రన్న బీమాది. కూలి డబ్బు మధ్యవాళ్ల చేతిలో పడకుండా కాపాడిన ఏర్పాటే ఆ కూలి చేసినవాళ్ల వివరాలను నలుగురిలో పెట్టింది.

ఇదే నేల మీద ఇంకో రకం యంత్రం కూడా ఉంది, దాని గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. ఫ్లోరైడు, ఉప్పు నీళ్ల ఊళ్లలో వెలసిన వాటర్ ప్లాంట్ల సంగతి చెబుతున్నాను. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి 20 లీటర్లు 2 రూపాయలకు ఇస్తామంది. ప్రైవేటు ప్లాంట్లు అంతకు ముందూ ఉన్నాయి, తర్వాతా వచ్చాయి. నాణెం వేస్తే నీళ్లొచ్చే మెషీనుకు మన పేరుతో పనిలేదు. బిందె ఎవరిదో, ఇల్లెక్కడో, రోజుకెన్ని సార్లు వచ్చారో దానికి తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు టోకెన్ తీసుకుని ప్లేటు అందుకునే పద్ధతి కూడా అలాంటిదే. గోప్యతను కాపాడే కియోస్కుకు నమూనా కావాలంటే ఐరోపా దాకా పోనక్కర్లేదు. మొదట నాణెం మెషీనును చూసి, మన కొత్త తెర దానికంటే ఎక్కువ అడుగుతుంటే ఎందుకడుగుతోందో ఒక్కో గడికీ జవాబు చెప్పుకోవాలి.

ఆ గడుల్లో మొదటిది ఫోన్ నంబరు. దాన్ని అడగక తప్పదని యజమానులు నమ్మే కారణాల్లో మొదటిది జీఎస్టీ. కొనేవాడు జీఎస్టీలో నమోదు కాని మామూలు మనిషైతే, బిల్లు 50,000 రూపాయల లోపు ఉంటే, అతను అడిగితే తప్ప బిల్లు మీద పేరూ చిరునామా ఉండాల్సిన పనిలేదు. రెండు ఇడ్లీలు, ఒక ఉగ్గాని బజ్జికి ఆ హద్దు దాటదు. బిల్లు ఇవ్వడానికి ఫోన్ నంబరు కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర దుకాణాలకు సూచించింది కూడా. రెండో కారణం వ్యాపారం, ఇది నిజమైనదే. జొమాటో, స్విగ్గీ లాంటి యాప్‌లు తినేవాళ్ల నంబర్లను తమ దగ్గరే దాచుకుంటున్నాయని రెస్టారెంట్ల జాతీయ సంఘం 2021లో కాంపిటీషన్ కమిషన్‌కు చేసిన ఫిర్యాదులో చెప్పుకుంది. సొంత ఖాతాదారుల జాబితా ఉంటే పండక్కి ఆఫరు పంపుకోవచ్చన్న యజమాని ఆశలో తప్పులేదు. కావాలనుకున్నవాళ్లు నంబరిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇవ్వకపోతే బిల్లే రాని మెషీనుతోనే తగువు.

నంబరు ఇచ్చాక అది ఎక్కడికి పోతుందన్నదాని మీద 2017లో ఉత్తరప్రదేశ్ నుంచి ఒక వార్త వచ్చింది. అక్కడ కొన్ని రీచార్జి షాపుల వాళ్లు ఆడవాళ్ల నంబర్లను 50 రూపాయల నుంచి 500 దాకా అమ్ముకున్నారు. ఆ వార్త చదివాక క్యూలో పదిమంది వింటుండగా పది అంకెలు గట్టిగా చెప్పమనడం చిన్న విషయంగా అనిపించదు. తెర మీద తానే కొట్టుకునే ఏర్పాటు ఆ మేరకు నయం. కానీ అంకెలు తాటికాయంత అక్షరాల్లో వెనకవాళ్లకు కనిపిస్తే ఆ మేలూ పోతుంది.

నంబరు విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది, ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చేది దీనికే. ఫోను ఒక మనిషిదని అన్ని డిజైన్లూ అనుకుంటాయి. చాలా ఇళ్లలో ఫోను కుటుంబానిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో సగం లోపేనని అందులో తేలింది. దేశ సగటు కంటే కూడా అది తక్కువ. ఆదోని, కోసిగి వైపు వానలు లేక గుంటూరుకో బెంగళూరుకో సుగ్గికి, అంటే వలస కూలికి, పోయిన మనిషితో పాటే ఫోనూ పోతుంది. కడప, రాజంపేట వైపు చాలా ఇళ్లలో సిమ్ము ఎవరి పేరున ఉందో ఆయన కువైట్‌లో ఉంటాడు. ఓటీపీ లేనిదే ఆర్డరు తీసుకోని మెషీను ముందు నిలబడిన ఆమె ఆ అంకెల కోసం ఎవరికి ఫోను చెయ్యాలి, దేంతో చెయ్యాలి? ఓటీపీ వచ్చినా బాధ తీరదు. "మీ కొనుగోలుకు ధన్యవాదాలు" అన్న మెసేజీ ఎవరి చేతిలో ఫోనుంటే వాళ్లు చదువుతారు. గర్భ నిర్ధారణ కిట్టు కొన్న సంగతి ఇంట్లో మొదట తెలియాల్సింది ఎవరికో నిర్ణయించుకునే హక్కు ఆమెది, మెషీనుది కాదు.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఈ కోణంలో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. అందులో ఏడో సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ మందుల షాపుదే. ఒకామె మందు కొని, డబ్బు ముట్టినట్టు తన మొబైల్‌కు మెసేజీ పంపమని కోరితే, ఆ రసీదు పంపడానికి షాపు ఆమె వివరాలు వాడుకోవచ్చు. ఉదాహరణ చక్కగానే ఉంది, ఆమే అడిగింది, అడిగినంత వరకే వాడారు. కానీ "ఆమె మొబైల్" అన్న మాట మీద చట్టం రాసినవాళ్లకు అనుమానం రాలేదు. మిగతా చట్టం చాలావరకు దూరపు కంటి గురించే. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా ఉండాలి. పనికి అవసరమైనంత డేటాకే ఆ సమ్మతి వర్తిస్తుంది. నోటీసును ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలివ్వాలి. అంటే కర్నూలు పాతబస్తీలోనో కడపలోనో తెర మీద తెలుగుతో పాటు ఉర్దూ, కర్ణాటక సరిహద్దు మండలాల్లో కన్నడ కూడా అడిగే హక్కు జనానికి వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కాలేజీ ముందు బేకరీలో ఇంటర్ పిల్లల నంబర్లు పోగేసుకునే మెషీను ఆ పని ఎలా చేస్తుందో ఊహకందదు. నియమావళి 2025 నవంబరులో వెలువడింది, ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న హోటలుకు ఆ అంకె భయం కంటే నవ్వే ఎక్కువ తెప్పిస్తుందేమో. ఎవరి వివరాలూ తీసుకోని మెషీనుకు మాత్రం ఈ గొడవల్లో ఒక్కటీ లేదు.

కెమెరా సంగతి త్వరగా తేల్చేయొచ్చు, ఆర్డర్ మెషీనుకు అది అక్కర్లేదు. చైనా సెర్చి కంపెనీ బైదుతో కలిసి కేఎఫ్‌సీ బీజింగ్‌లో పెట్టిన యంత్రం 2016 చివర్లో వార్తల్లోకొచ్చింది. ముఖం చూసి వయసు, లింగం అంచనా కట్టి తిండి సూచించేదది. యాభై దాటినావిడకు పొద్దున పూట గంజి, సోయా పాలు చాలనేది. మన దగ్గర పెడితే పంచె చూసి రాగి సంగటి, ప్యాంటు చూసి బిర్యానీ చూపిస్తుంది కాబోలు. 2020 అక్టోబరులో కెనడా గోప్యతా కమిషనర్ల దర్యాప్తు ఒకటి బయటికొచ్చింది. క్యాడిలాక్ ఫెయిర్‌వ్యూ సంస్థ 12 మాల్స్‌లో దారి చూపే కియోస్కుల్లో కెమెరాలు దాచి 50 లక్షల ముఖాలను విశ్లేషించిందని అందులో తేలింది. 2024 ఫిబ్రవరిలో అదే దేశంలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో చాక్లెట్ల యంత్రం తెర మీద ఒక ఎర్రర్ సందేశం కనిపించింది. అందులోని ప్రోగ్రాం పేరులోనే ముఖ గుర్తింపు అని ఉండటం ఒక విద్యార్థి చూసి గోల చేస్తే తప్ప విషయం ఎవరికీ తెలీలేదు. ఫొటోలేవీ దాచడం లేదని కంపెనీ చెప్పింది, అయినా యంత్రాలను తీసేయమంది విశ్వవిద్యాలయం. మన జనానికి ముఖం చూపడం 2023 మార్చి నుంచి తిరుమలలోనే అలవాటైంది. గది కేటాయింపులో దళారుల బెడద ఉంది కాబట్టి అక్కడ ఏదో ఒక కారణం చెప్పుకోవచ్చు. దోశకు దళారులు లేరు.

ఇక డబ్బు. యూపీఐ వచ్చాక చిల్లర బాధ తీరింది, కానీ కట్టినవాళ్ల పేరు అవతల కనిపిస్తుంది, చాలామంది యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. నంబరు గడి తీసేసి పొంగిపోయే డిజైనరు ఇది మర్చిపోతాడు, ముందు తలుపు మూసినా నంబరు వెనక తలుపు గుండా వస్తూనే ఉంటుంది. చెల్లింపు వివరాలను ఆర్డరుతో కలిపి దాచకుండా విడిగా ఉంచడం, లెక్క సరిపోయాక ఆ లంకె తెంచేయడం దీనికి మందు. తెర మీద ఆర్డరు ఆర్డరుకూ మారే క్యూఆర్ వస్తే, ఎంత కట్టిందీ అరిచి చెప్పే సౌండ్‌బాక్సు అవసరం కూడా తగ్గుతుంది. వెనక నిలబడ్డవాళ్లకు మన బిల్లు ఎంతయిందో చాటి చెప్పే ఆ డబ్బా యజమానికి భరోసా ఇస్తుందన్నది నిజమే. వంటింటి వైపు పెడితే ఆ భరోసా చెడదు. నోట్లు తీసుకోని మెషీను పక్కన నగదు కౌంటర్ ఉండి తీరాలి. వెనక ఏ ఆనవాలూ మిగల్చని చెల్లింపు ఇప్పటికీ నోటే.

తెర విషయంలో పుస్తకాల్లో ఉండే సలహాలు ఇక్కడ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. పక్కనుంచి చూస్తే నల్లగా కనబడే ప్రైవసీ ఫిల్మ్ అంటించమంటారు. అంటిస్తే చూపు మందగించిన పెద్దాయనకు ఎదురుగా నిలబడినా సరిగా కనబడదు. ముప్పై సెకన్లు ఎవరూ ముట్టకపోతే ఆర్డరు చెరిపేయమంటారు. కూడబలుక్కుని చదివేవాళ్లకు ముప్పై సెకన్లు ఒక పేజీకే చాలవు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర, ఆడవాళ్లలో సగం దగ్గర ఉంది. అందుకని తెలుగులో మాట్లాడే మెషీను పెడదామంటే, అది ఆర్డరును హాలంతా వినిపించేలా చదువుతుంది. చూపు లేనివాళ్లకు ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఇవ్వడం పాత పద్ధతి, అందరికీ అదే మంచిది. తెరను ఫిల్మ్‌తో మూసే బదులు గోడకు వీపు పెట్టి నిలబడేలా, అంటే వెనక మనిషి నిలబడే చోటే లేకుండా మెషీనును తిప్పి పెట్టడం ఖర్చులేని ఉపాయం. సమయం అయిపోయే ముందు "ఇంకా ఉన్నారా?" అని అడిగి, జవాబు రాకపోతేనే చెరిపేయాలి. "నంబరు వద్దు" అన్న బటను "సరే" అన్నంత పెద్దదిగా, అదే రంగులో ఉండాలి. సన్న అక్షరాల్లో మూలకు పెడితే దాన్ని సమ్మతి అనడం కష్టం.

ఇంత చేసినా చదువురాని మనిషి పక్కన సహాయకుడొకడు ఉంటాడు. రైల్వే టికెట్ మెషీన్ల దగ్గర, మీసేవ కేంద్రాల్లో మనం చూసేది అదే. తెర కొనేవాళ్ల చేతిలో కాక అతని చేతిలో ఉంటుంది. స్మార్ట్‌కార్డుల రోజుల్లో డబ్బు పంచిన వాళ్లలో చాలామంది ఊళ్లోని పొదుపు సంఘాల ఆడవాళ్లే. పింఛను తీసుకునే అవ్వకు వాళ్లు తెలిసినవాళ్లు కావడం మేలూ చేసింది, ఎవరికెంత వచ్చిందో ఊళ్లో తెలిసేలానూ చేసింది. సహాయకుణ్ని తీసేయాలనడం తెలివితక్కువ. అతను ఉంటాడనుకునే మెషీనును తయారుచేయాలి. చివరి తెర, అంటే డబ్బూ వివరాలూ కనబడేది, కొనేవాళ్ల వైపే తిరిగి ఉండాలి, అతని చేతిలో ఏ జాబితా మిగలకూడదు.

వెనక గదిలోని సాఫ్ట్‌వేరును చిన్న హోటళ్లు తయారుగా ఉన్నదే కొంటాయి. నంబరు గడి దాంతో పాటే వస్తుంది, అది తప్పనిసరా కాదా అన్నది సెట్టింగుల్లో ఒక టిక్కు. ఏ గంటకు ఏది ఎన్ని ప్లేట్లు పోయిందో యజమానికి కావాలి, ఎవరు తిన్నారో అక్కర్లేదు. కర్నూలు లాంటి ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. శనివారం మాంసం మానేదెవరు, రంజాన్ నెలలో పగలు ఆర్డరివ్వనిదెవరు, కార్తీకంలో ఉల్లిపాయ వద్దనేదెవరు అన్నది ఒక్క ఏడాది బిల్లులు ముందేసుకుంటే తెలిసిపోతుంది. కులమూ మతమూ అడగకుండానే రాసిపెట్టుకున్నట్టు అవుతుంది. బిల్లుల్లో నంబర్లు లేకపోతే, ఏది ఎన్ని ప్లేట్లు పోయిందన్న ఆ పేరుల్లేని లెక్క ఎవరికీ హాని చేయదు.

అడగకపోవడమే మంచిదన్న ఈ సూత్రం పనిచేయని చోటు ఒకటుంది. కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో వచ్చిన రోగి పేరు చెప్పక తప్పదు, పాత రిపోర్టులతో కలపాలి కదా. 2022లో జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ తెచ్చిన 'స్కాన్ అండ్ షేర్' పద్ధతిలో క్యూఆర్ స్కాన్ చేస్తే పేరూ, వయసూ, చిరునామా, నంబరూ ఆసుపత్రికి చేరి ఓపీ టోకెన్ వస్తుంది. పొద్దున్నుంచి చీటీ కోసం నిలబడే బాధ తగ్గుతుంది, పేరు గట్టిగా అరవాల్సిన పనీ ఉండదు. టోకెన్ అంకెతోనే పిలవొచ్చు, చీటీ మీద విభాగం పేరుకు బదులు గది నంబరు వేయొచ్చు. హెచ్‌ఐవీ పరీక్షకు వచ్చినవాళ్ల విషయంలో 2017 చట్టం గోప్యతను తప్పనిసరి చేసింది కూడా. కానీ ఆ గది ముందు బెంచీ ఎక్కడ వేశారు, దాని మీద కూర్చున్నవాళ్లు వరండాలో పోయే ప్రతి ఊరివాడికీ కనిపిస్తారా అన్నది ఏ తెరా సరిచేయలేదు. అది గోడలు కట్టించే ఇంజినీరుతో మాట్లాడాల్సిన పని.